నల్లమలలో నాలుగు బండ్లు

ఆత్మకూరు గౌడ్ సెంటర్లో కారు ఆపి టీ చెప్పండి. గ్లాసు చేతికి రాకముందే ప్రశ్న వస్తుంది: "ఎంతిస్తాది సార్?" ధర తర్వాత, భద్రతకి వచ్చిన స్టార్లు ఎన్నో ఆ తర్వాత. ముందు మైలేజీ. రాయలసీమలో దూరాలు ఎక్కువ, బంకులు తక్కువ, జేబులు ఇంకా తక్కువ. కాబట్టి అడగాల్సిన ప్రశ్నే.

ఇవాళ ఆ ప్రశ్నకి నాలుగు రకాల జవాబు చెప్పే నాలుగు బండ్ల మధ్య మీరు నిలబడి ఉన్నారు. ఉగాది ఇంకా వారం ఉంది. తెల్లవారుజాము అయిదున్నర. ఒక కుటుంబం మనవడి పుట్టెంట్రుకలు తీయించడానికి శ్రీశైలం బయల్దేరుతోంది. మనుషుల్నీ బండ్లనీ ఈ ప్రయాణం కోసం కూర్చుకున్నాను గానీ, దారీ లెక్కలూ అసలువే.

మామది పెట్రోలు వ్యాగన్ఆర్. కొడుకుదీ వ్యాగన్ఆరే, కానీ సీఎన్‌జీ. పసుపు ప్లేటు వేసి బాడుగలకి తిప్పుతాడు. అల్లుడు నిన్న రాత్రి కర్నూలు నుంచి నెక్సాన్ ఈవీలో వచ్చాడు. ఆడవాళ్లు, పిల్లలు, వంటసామాను ఎక్కేది డీజిలు తుఫాన్‌లో, దాన్ని డ్రైవరుతో సహా మాట్లాడుకున్నారు. కంపెనీ కాగితం ప్రకారం మామ బండి లీటరుకి 24.35 కిలోమీటర్లు, కొడుకు బండి కిలో గ్యాసుకి 34.05 కిలోమీటర్లు, అల్లుడి బండి ఒకసారి చార్జి చేస్తే 489 కిలోమీటర్లు. తుఫాన్ డ్రైవరుని అడిగితే కాగితం ఊసెత్తడు. "పన్నెండిస్తాదన్నా. పన్నెండు మందిని ఎక్కిచ్చుకుంటా. లెక్క నువ్వే ఏస్కో" అంటాడు.

ఆ లెక్క ఇప్పుడే వేసేయండి, పొద్దున్నే బుద్ధి చురుగ్గా ఉంటుంది. లీటరుకి పన్నెండు కిలోమీటర్లు, పన్నెండు మంది: ఒక లీటరు డీజిలు ఒక మనిషిని 144 కిలోమీటర్లు మోసినట్టు. మామ బండి నిజంగా పద్దెనిమిది ఇచ్చి, అందులో నలుగురు కూర్చుంటే, అదే లెక్కలో 72. అందరికంటే ఎక్కువ తాగే బండే తలకి మామ బండి కంటే తక్కువ ఖర్చుపెడుతోంది. షోరూములో ఈ మాట ఎవరూ చెప్పరు, వాళ్లు అమ్మేది కారుని గానీ సీట్లని కాదు.

ఇంటి వెనక గోడకి మోటారు కోసం పెట్టించిన 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంది. అల్లుడు అందులోంచి తీగ పీకి చుట్టుకుంటున్నాడు. మామ నవ్వుతాడు. "ఏమల్లుడూ, రాత్రంతా మేసినాదా?"

"నాలుగు గంటలే మామా. కర్నూలు నుంచి డెబ్బై కిలోమీటర్లు గదా, పది యూనిట్లు తిన్నాది. గంటకి మూడు లెక్కన ఎక్కినాయి. రెండు గంటలు కరెంటు పోయినా తెల్లారే సరికి నిండిపోయినాది."

యూనిట్ అంటే కరెంటు బిల్లులో చూసే యూనిట్టే. ఈ బండి బ్యాటరీ 45 యూనిట్లది. పూర్తిగా ఖాళీ అయి వస్తే ఈ ప్లగ్గు మీద పదిహేను గంటలు పట్టేది. కానీ ఎవరూ అంత ఖాళీ చేసుకుని ఇంటికి రారు. మామకి అసలు దిగులు బిల్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ల కరెంటు శ్లాబుల్లో నడుస్తుంది. నెలకి 225 యూనిట్లు దాటితే యూనిట్టు 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఇంట్లో కారు చార్జి పెట్టడం మొదలుపెడితే ఆ పై శ్లాబులోకి పోతాం. పోయినా సరే: యూనిట్టుకి ఏడు కిలోమీటర్లు, చార్జింగులో పోయే నష్టం కలుపుకుంటే ఆరు పైచిలుకు. కిలోమీటరుకి రూపాయి అరవై పైసలు. లీటరు 110 రూపాయల దగ్గర ఉన్న పెట్రోలు మీద, లీటరుకి పద్దెనిమిది వచ్చే బండిలో కిలోమీటరుకి ఆరు రూపాయలు. రోడ్డు పక్క ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్టు ఇరవై, ఆపైన గుంజుతారు. అప్పుడు కిలోమీటరు మూడు రూపాయలవుతుంది, లాభంలో మూడో వంతు అక్కడే ఆవిరి. విద్యుత్ కారు చవక అనేవాళ్లని "ఎవరింటి ప్లగ్గులో?" అని అడగండి.

మీరు మామ పక్కన ముందు సీట్లో కూర్చోండి. ఊరు దాటగానే రోడ్డుకి ఒక పక్కంతా మొక్కజొన్న ఆరబోసి ఉంటుంది. కంకులు నూర్చి, గింజల్ని తారు మీద పరిచి, చుట్టూ రాళ్లు పెట్టి, పక్కనే దుప్పటి కప్పుకుని రైతు పడుకుని ఉంటాడు. మామ హారన్ కొట్టకుండా కుడివైపుకి జరుగుతాడు. ఈ గింజలు కోళ్ల దాణాకే పోతాయని అనుకునేవాళ్లం. ఇప్పుడు దేశంలో ఇథనాలు తయారీకి అన్నిటికంటే ఎక్కువగా వాడుతున్న ధాన్యం మొక్కజొన్న. ఆ ఇథనాలు పెట్రోలులో నూటికి ఇరవై పాళ్లు కలిసి మామ టాంకులోకే వస్తోంది.

"రెండేండ్ల కింద ఇదే బండి ఇర్వై ఇస్తాన్నింది. ఇప్పుడు పద్దెన్మిది. బంకోళ్లు ఏందో కలుపుతాండారు" అంటాడు మామ.

కలుపుతున్నారు, దొంగతనంగా కాదు, చట్టప్రకారమే. లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో కంటే మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం వెలితి. నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికే ఈ మాట ఒప్పుకుంది: ఇథనాలు కోసం తయారుకాని పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం పడుతుంది, ఈ మిశ్రమానికి సరిచేసిన కొత్త కార్లలో ఒకటి రెండు శాతమే అని. వ్యాగన్ఆర్ టాంకు 32 లీటర్లు. పాత బండి అయితే ఆ టాంకులో రెండు లీటర్లు లేనట్టే. మామకి పోయిన రెండు కిలోమీటర్లలో కొంత ఇక్కడే పోయింది. మిగతాది గాలి తగ్గిన టైర్లలోనో, ఏడాదిగా మార్చని ఎయిర్ ఫిల్టర్లోనో వెతుక్కోవాలి. మామకి మాత్రం మొక్కజొన్న ధర పెరిగినప్పుడు ఇథనాలు మంచిది, బంకు దగ్గర చెడ్డది. రెండెకరాల మొక్కజొన్న వేసినవాడి న్యాయం అది, నేను తప్పుపట్టను.

దారిపొడవునా కానుగ చెట్లు కనిపిస్తాయి. వాటి గింజల నూనెతో బండ్లు నడుస్తాయని 2000 తర్వాత పదేళ్లపాటు ఎంత హడావుడి చేశామో! కానుగ, అడవి ఆముదం మొక్కలు ఊరూరా నాటించారు. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 కల్లా డీజిలులో ఇరవై శాతం జీవ డీజిలు కలపాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం దరిదాపుల్లోకి కూడా రాలేదు. కానుగ నీడ మాత్రం మిగిలింది.

ఇప్పుడు మీకు ఎడమపక్క మట్టి దారి మీద మనుషులు కనిపిస్తారు. తెల్లటి బట్టలు, నెత్తిన మూట, చేతిలో కర్ర, నోట మల్లయ్య పేరు. ఉగాదికి కన్నడ భక్తులు ఆత్మకూరు మీదుగా కాలినడకన శ్రీశైలం పోతారు. వాళ్లది మన రోడ్డు కాదు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా అడవిని అడ్డంగా కోసుకుపోయే పాత దారి. మనం దోర్నాల దాకా పోయి, అక్కడ మలుపు తిరిగి కొండెక్కి, దగ్గరదగ్గర 110 కిలోమీటర్లు చుట్టి వచ్చే చోటికి వాళ్లు అందులో సగం కంటే తక్కువ నడిచి చేరతారు. జొన్నరొట్టె వాళ్ల ఇంధనం. అరవై కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే దాదాపు 60 కేలరీలు ఖర్చవుతాయి. కరెంటు లెక్కలో 0.07 యూనిట్. అల్లుడి కారు కిలోమీటరుకి 0.14 యూనిట్ తిని అయిదుగురిని మోస్తుంది, అంటే మనిషికి 0.03. నిండుగా కూర్చున్న విద్యుత్ కారు పాదయాత్రికుడి కంటే తక్కువ శక్తితో పోతోందన్నమాట. పుణ్యం లెక్క వేరే పుస్తకంలో ఉంటుంది.

బైర్లూటి చెక్‌పోస్టు. గేటు పక్కన అటవీ సిబ్బంది ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయా అని తొంగి చూస్తారు, రుసుము కట్టించుకుంటారు. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. రాత్రిపూట బండ్లు వదలరు. ఇక్కడి నుంచి దోర్నాల దాకా బంకు లేదు, ఫోను సిగ్నలు మీద నమ్మకం లేదు. మీరు దిగి కొడుకు బండిలోకి మారండి.

ఎక్కగానే వెనక చూడండి. డిక్కీలో సూట్‌కేసుకి చోటు లేదు. అరవై లీటర్ల ఇనుప సిలిండరు అడ్డంగా పడుకుని ఉంది. 200 బార్ల ఒత్తిడితో గ్యాసు నింపినా అందులో పట్టేది ఎనిమిది, తొమ్మిది కిలోలు. కొడుకు చెప్పుకుంటూ పోతాడు. "మద్దేనం ఎండలో పడితే సిలిండరు బిరీన నిండినట్టు చూపిస్తాది అన్నా, గ్యాసు మాత్రం తక్కువ ఎక్కుతాది. ముందు నాలుగు బండ్లు పట్టుకునిపోయింటే ఒత్తిడి రాదు. అందుకే నేను తెల్లారుజామున పోతా. కిలోకి ఇర్వయ్యేడు, ఇర్వయ్యెనిమిది నాకు గ్యారంటీ."

ఇరవై ఎనిమిది! మామ పద్దెనిమిది ముందు అది కొండంత కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. లీటరూ కిలో ఒకటి కాదు. కిలో సీఎన్‌జీలో ఉన్న శక్తి లీటరు పెట్రోలుకి ఒకటిన్నర రెట్లు. కాగితం మీది 34.05ని ఒకటిన్నరతో భాగిస్తే 22.7 వస్తుంది, మామ బండి కాగితం మీద 24.35. అంటే అదే ఇంజను గ్యాసు మీద నడిచినప్పుడు పొదుపుగా నడవడం లేదు, ఓ పిసరు ఎక్కువే తింటోంది. లాభమంతా ధరలో ఉంది, ఇంజనులో లేదు. రేపు గ్యాసు ధర పెరిగితే 34 అలాగే ఉంటుంది, లాభం ఉండదు. సీఎన్‌జీ కొనేవాళ్లు కిలో ధరని ఒకటిన్నరతో భాగించి, పెట్రోలు ధర పక్కన పెట్టి చూసుకోవాలి.

చెట్లు దగ్గరవుతాయి. మార్చి నెల కాబట్టి టేకు ఆకు రాలి అడవి లోపలికంటా కనిపిస్తుంది. కోతులు రోడ్డు మధ్యలో కూర్చుని లేవవు. రోళ్లపెంట ఘాటు మొదలవుతుంది. మలుపు, ఎక్కుడు, మళ్లీ మలుపు. రెండో గేరులో బండి మూలుగుతుంది. కొడుకు డాష్‌బోర్డు మీద ఉన్న చిన్న స్విచ్చు నొక్కుతాడు, పచ్చదీపం ఆరిపోతుంది. పెట్రోలు మీదికి మార్చాడు.

"గ్యాసు మీద రోళ్లపెంట ఎక్కదా?"

"ఎక్కుతాది. ఏడ్సుకుంటా ఎక్కుతాది. ఎదురుగా లారీ వస్తే తప్పుకునే జోరుండదు."

నిజమే. ఈ ఇంజను పెట్రోలు మీద 67 గుర్రాల బలం ఇస్తే గ్యాసు మీద 57 దగ్గర ఆగిపోతుంది. ఆ పది గుర్రాలు మైదానంలో అక్కరలేదు, ఇక్కడ కావాలి. అయితే ఈ స్విచ్చే సీఎన్‌జీ బండికి రక్ష. గ్యాసు అయిపోయినా పెట్రోలు టాంకు ఉంది, రెండూ కలిపితే ఈ నాలుగు బండ్లలో తుఫాన్ తర్వాత ఎక్కువ దూరం ఆగకుండా పోగలిగేది ఇదే. గ్యాసు ఒక్కదాని మీదే అయితే 220, 250 కిలోమీటర్లు.

కొండ మెట్టు దాటాక దిగుడు. ముందు పోతున్న మామ బండి వెనక దీపాలు గమనించండి. బ్రేకు లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. కొడుకు తల కొట్టుకుంటాడు. "న్యూట్రల్ కొట్నాడు సూడు. ఎన్ని తూర్లు చెప్పినా ఇనడు."

దిగుట్లో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందని మన డ్రైవర్లలో తరాల నమ్మకం. కార్బురేటర్ ఉన్న అంబాసిడర్ కాలంలో అందులో కొంత నిజం ఉండేది. ఇప్పటి బండిలో గేరు వేసే ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే, చక్రాలే ఇంజనుని తిప్పుతాయి. ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. చుక్క ఖర్చుకాదు. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి గంటకి అరలీటరు పైన తాగుతూనే ఉంటుంది. పైగా బరువంతా బ్రేకుల మీద పడి అవి కాలి పట్టు వదులుతాయి. రోళ్లపెంట మలుపుల్లో బోల్తా పడిన లారీల వార్తలు ఆత్మకూరువాళ్లకి కొత్త కాదు. పెట్రోలు మిగలదు, ప్రాణం మీదికి వస్తుంది. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

దోర్నాల. ఇడ్లీ, ఎర్రకారం, ఎండ. మళ్లీ బండి మారండి. ఇక కొండెక్కేది అల్లుడి కారులో. ఎక్కేముందు మీటరు చూస్తే బ్యాటరీలో పదింట ఎనిమిది వంతులు ఉంది. అత్తగారు కిటికీలోంచి అడుగుతుంది, "అడివిలో ఆగిపోదు గదా నాయినా?"

ఆ భయానికి మూలం కాగితం మీది 489. ఆ అంకె ఎలా వచ్చిందో చూడాలి. కారుని రోడ్డు మీదికి తీసుకుపోరు. పుణేలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షాకేంద్రంలో చక్రాల కింద రోలర్లు పెట్టి, ఇరవై నిమిషాల లోపు ముగిసే ఒక నమూనా ప్రయాణం నడుపుతారు. సగటు వేగం గంటకి 32 కిలోమీటర్ల దగ్గర. ఎప్పుడూ 90 దాటదు. ఏసీ ఉండదు, ఎదురుగాలి ఉండదు, రోళ్లపెంట ఉండదు, అత్తగారి సామాను ఉండదు. యూరప్ నుంచి తెచ్చుకున్న ఈ పద్ధతిని యూరపే 2017లో వదిలి కఠినమైనదానికి మారింది. అమెరికా పర్యావరణ సంస్థ అయితే విద్యుత్ కారు ప్రయోగశాలలో తెచ్చుకున్న దూరాన్ని మామూలుగా 0.7తో గుణించి, తగ్గించి, ఆ అంకెనే కారు అద్దానికి అంటించమంటుంది. 489ని 0.7తో గుణించండి: 342. టాటా కంపెనీ తనే "నిజంగా రోడ్డు మీద వచ్చేది" అని విడిగా చెప్పే అంకె 350 చుట్టుపక్కలే ఉంది. కాబట్టి కంపెనీ అబద్ధమాడింది అనక్కరలేదు. ఏ అంకె పెద్ద అక్షరాల్లో వేసిందో చూస్తే చాలు.

350ని పట్టుకుంటే భయం లెక్కలోకి వస్తుంది. ఆత్మకూరు నుంచి శ్రీశైలం పోయిరావడం 220 కిలోమీటర్లు. ఘాటు, ఏసీ కలుపుకుని 33 యూనిట్లు. 45లో ఇంకా పన్నెండు మిగులుతాయి. ఈ కారుకి ఈ దారిలో చార్జరే అక్కర్లేదు.

తుమ్మలబైలు దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఇంజను చప్పుడు లేదు కాబట్టి అడవి వినిపిస్తుంది. మీటరు మాత్రం చూడటానికి గుండె ధైర్యం కావాలి, కిలోమీటరు పోతే రెండు కిలోమీటర్లు తరుగుతోంది. అల్లుడు కంగారుపడడు. ఇది పదో తరగతి భౌతికశాస్త్రం. టన్నున్నర బరువున్న బండిని వంద మీటర్ల ఎత్తుకి ఎత్తాలంటే 0.4 యూనిట్ కావాలి. శిఖరేశ్వరం సముద్ర మట్టానికి 2,800 అడుగుల పైన ఉంటుంది. దోర్నాల నుంచి అయిదారు వందల మీటర్లు ఎక్కుతామనుకుంటే రెండున్నర యూనిట్లు. 45లో రెండున్నర! మొహం వేలాడేయాల్సినంత ఏమీ లేదు. అదే పని పెట్రోలు ఇంజను చేస్తే మూడు వంతుల శక్తి వేడిగా వదిలేస్తుంది కాబట్టి ప్రతి వంద మీటర్లకి లీటరులో ఆరో వంతు కాలుతుంది. కాకపోతే పెట్రోలు మీటరు ముల్లు అంత సూక్ష్మంగా కదలదు. విద్యుత్ కారు ప్రతి పైసా ఖర్చూ కళ్లముందు పెడుతుంది, అందుకే భయపెడుతుంది.

సాక్షిగణపతి వైపు దిగేటప్పుడు అంకె వెనక్కి తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలితే మోటారే డైనమో అయి, దిగుడులో కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పంపుతోంది. పోయినదంతా రాదు, సగానికి పైగా వస్తుంది. ఇది కారు షోకు కాదు. 2022 సెప్టెంబరు నుంచి తిరుపతి–తిరుమల ఘాటు మీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి, రోజంతా ఎక్కుతూ దిగుతూ. ఘాటు రోడ్డు విద్యుత్ బండికి శత్రువు కాదు. దాని అసలు శత్రువు నున్నటి జాతీయ రహదారి. కర్నూలు–హైదరాబాదు 44వ నంబరు రోడ్డు మీద 100 వేగంతో పోతే గాలిని చీల్చుకోవడానికే బ్యాటరీ కరిగిపోతుంది, తిరిగి వచ్చేది ఏమీ ఉండదు. నల్లమలలో 40, 50 దాటి ఎలాగూ పోలేం. విద్యుత్ కారుకి ఆ వేగమే ఒంటికి పడుతుంది. జనం హైవేని నమ్మి అడవికి భయపడతారు. మీటరు చెప్పేది అందుకు ఉల్టా.

శ్రీశైలం. పార్కింగులో కర్ణాటక రిజిస్ట్రేషన్ బండ్లు బారులు తీరి ఉన్నాయి. మీ పక్కన ఆగినది గ్రాండ్ విటారా హైబ్రిడ్. కాగితం మీద లీటరుకి 27.97, టాంకు 45 లీటర్లు. గుణిస్తే 1,250 కిలోమీటర్లు దాటుతుంది, మూడు వంతులే వచ్చినా 940. ఈ పార్కింగులో దూరం విషయంలో దాన్ని కొట్టేది లేదు. దాని బ్యాటరీ మాత్రం 0.76 యూనిట్లదే. రెండు వందల మీటర్లు దిగేసరికి నిండిపోతుంది, ఆ తర్వాత దిగుడంతా దానికి వృథాయే. పట్టణం ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయేవాడికి అది వరం. మన దారుల్లో దాని గొప్ప అంతగా బయటపడదు, ధర మాత్రం పూర్తిగా ఇవ్వాలి.

తుఫాన్ డ్రైవరు చెట్టు కింద తువ్వాలు పరుచుకున్నాడు. టాంకులో డీజిలు సగం కూడా కదల్లేదని అతని ధీమా. మామ కొడుకుతో న్యూట్రల్ గురించి తగువు పెట్టుకున్నాడు. అల్లుడు సత్రం గోడల వెంబడి ప్లగ్గు కోసం చూస్తున్నాడు, అవసరం ఉండి కాదు, అలవాటు కొద్దీ.

ఇక తీర్పు చెప్పాలి. ఆత్మకూరులో ఇల్లుండి, ఇంటికి సొంత ప్లగ్గుండి, రోజూ కర్నూలుకో నంద్యాలకో పోయొచ్చేవాళ్లకి విద్యుత్ కారుని మించింది లేదు. నెలకి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే కిలోమీటరుకి నాలుగు రూపాయల పైన మిగులు. ఆ తిరుగుడు లేనివాళ్లకి, అద్దె ఇంట్లో పై అంతస్తులో ఉండేవాళ్లకి మామ వ్యాగన్ఆరే న్యాయం, న్యూట్రల్ మానేస్తే. బాడుగలకి తిప్పేవాడికి, దగ్గర్లో గ్యాసు బంకుంటే సీఎన్‌జీ. పన్నెండు మంది చుట్టాలుంటే తుఫాన్.

చిన్న బ్యాటరీ కార్లు కొన్నవాళ్ల సంగతి మాత్రం ఈ లెక్కల్లో తేలలేదు. టియాగో ఈవీ 24 యూనిట్లది. కాగితం మీద 293 కిలోమీటర్లు, 0.7తో గుణిస్తే 205. ఆత్మకూరు నుంచి కొండ మీదికి వచ్చేసరికి పదహారు యూనిట్లు అయిపోయి ఎనిమిది మిగులుతాయి. తిరుగు ప్రయాణానికి పద్నాలుగు కావాలి, చేతిలో మరో మూడు ఉంటే నిశ్చింత. తక్కువపడేది తొమ్మిది యూనిట్లు. మామూలు 15 ఆంపియర్ల ప్లగ్గు మీద మూడు గంటల పని. పుట్టెంట్రుకలు, స్నానం, దర్శనం క్యూ, సత్రంలో భోజనం అయ్యేసరికి ఎవరికైనా అంతకంటే ఎక్కువే పడుతుంది.

కాబట్టి శ్రీశైలంలో పార్కింగు ఉన్న ప్రతి సత్రానికీ, దేవస్థానానికీ ఒక విన్నపం. లక్షలు పోసి ఫాస్ట్ చార్జర్లు తెప్పించే వరకూ ఆగకండి. గోడ వెంబడి మీటరు బిగించిన 15 ఆంపియర్ల ప్లగ్గులు ఇరవై పెట్టండి, యూనిట్టుకి ఇంతని వసూలు చేసుకోండి. కింద డ్యాము కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున 900 మెగావాట్ల కరెంటు తీసే కేంద్రాలున్నాయి. ఇరవై ప్లగ్గులూ ఒకేసారి నడిచినా లాగేది 60 కిలోవాట్లు, అంటే హైవే మీద ఒక్క ఫాస్ట్ చార్జర్ లాగేంత.